పుట్టింటి చేనును బొంతగా కుట్టిన సంఘం: ఒక కేస్ స్టడీ

ఊరి పేరు, మండలం పేరు రాయడం లేదు. రాయలసీమ అని మాత్రం చెప్పాలి. అక్కడి నేల, పంటలు, మాట తీరు దాచేస్తే ఈ కేసే అర్థం కాదు. మనుషుల వివరాలు కొన్ని మార్చాను, ఒకటి రెండు చోట్ల ఇద్దరి అనుభవాలను ఒకరివిగా కలిపాను. రాసింది సంఘంలో చదివి వినిపించాను. వాళ్లు వద్దన్నవి తీసేశాను.

నేపథ్యం

మహిళా సంఘాలతో కూర్చుని అందరూ కలిసి చేసే కళారూపాలు తయారుచేయించడం నా పని. గోడబొమ్మ, నాటకం, కుట్టుపని, ఏది కుదిరితే అది. ఈ కేసులో నన్ను పిలిచింది ఒక స్వచ్ఛంద సంస్థ. ఆడబిడ్డల ఆస్తి హక్కు మీద ఆ మండలంలో వాళ్లు అప్పటికే సదస్సులు పెట్టారు, కరపత్రాలు పంచారు. అయినా ఏమీ కదల్లేదు కాబట్టి కళ ద్వారా ఏమైనా చేయగలమా అన్నది వాళ్ల ప్రశ్న.

చట్టం విషయంలో తెలుగువాళ్లం వెనకబడి లేం. ఉమ్మడి ఆస్తిలో కూతురికి పుట్టుకతోనే కొడుకుతో సమానంగా వాటా అన్న మాట దేశంలో మొదట చట్టమైంది ఆంధ్రప్రదేశ్‌లోనే. ఎన్టీఆర్ ప్రభుత్వ కాలంలో, 1986లో వచ్చిన ఆ సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి అమల్లోకి వచ్చింది. ఆ తేదీకి ముందే పెళ్లయిపోయిన కూతుళ్లకు మాత్రం వర్తించలేదు. 2005లో కేంద్రం హిందూ వారసత్వ చట్టాన్ని సవరించి ఆ అడ్డూ తీసేసింది. ఆ సవరణ అమల్లోకి వచ్చిన 2005 సెప్టెంబరు 9 నాటికి తండ్రి బతికి లేకపోయినా కూతురి హక్కు పోదని 2020 ఆగస్టులో వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ఇవన్నీ సంఘం లీడర్లకు తెలుసు. ఒకామె నాకే తేదీలతో సహా అప్పజెప్పింది.

ఎదురైన సమస్య

తెలిసీ సంతకం పెడుతున్నారు. అసలు చిక్కు అదే.

జరిగే తీరు దాదాపు అందరి ఇళ్లలో ఒకటే. నాయన పోతాడు. పాస్‌బుక్కు అన్నదమ్ముల పేరుకు మారాలి. పెద్దన్న కొత్త చీర తీసుకుని వస్తాడు, లేదా పండగకు పిలుచుకుపోతాడు. రెండో రోజు పొద్దున "చిన్న సంతకం ఉందిమ్మా" అంటాడు. ఆటోలో సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకు పోతారు. దస్తావేజు లేఖరి రాసి ఉంచిన హక్కు విడుదల పత్రం మీద సంతకం, వేలిముద్ర, ఫొటో. వచ్చేటప్పుడు హోటల్లో టిఫిను.

సదస్సుల్లో దీన్ని అమాయకత్వం అన్నారు. నాకు అలా అనిపించలేదు. మొగుడు కొడితే వచ్చి నాలుగు రోజులు ఉండాల్సింది అన్న ఇంట్లో. కూతురి కాన్పుకు, కొడుకు పెళ్లికి, తాను ముండమోస్తే, చివరికి తాను చచ్చిపోతే చీర తెచ్చి కప్పడానికి కూడా పుట్టింటివాళ్లే కావాలి. ఎకరా వదులుకుంటే ఆ దారి తెరిచి ఉంటుంది. అంటే ఇక్కడ ఉన్నది తెలివితక్కువతనం కాదు, లెక్క. ఆ లెక్క వేసుకున్న మనిషికి "నీ హక్కు నువ్వు తెలుసుకో" అనే బొమ్మ చూపిస్తే ఆమెకు కొత్తగా వచ్చేదేమీ లేదు. ఈ సంగతి తలకెక్కాకే మిగతా నిర్ణయాలు తీసుకోగలిగాం. అయితే అందుకు కొంత కాలం పట్టింది.

ముందు చేసినవి, అవి ఎందుకు నిలవలేదు

మొదట గోడబొమ్మ. సంస్థ ముందే పట్నం నుంచి పెయింటరును మాట్లాడి పెట్టింది. బడి గోడ మీద త్రాసు పట్టుకున్న స్త్రీ, పక్కన పచ్చటి పొలం, కింద నినాదం. బొమ్మ బాగా వచ్చింది. సంఘం ఆడవాళ్లు పెయింటరుకు రెండు పూటలా టీ ఇచ్చారు. వాళ్ల భాగస్వామ్యం అంతే. అన్నదమ్ములూ దాని ముందు నిలబడి ఫొటోలు దిగారు. ఎవరినీ ఇబ్బంది పెట్టని బొమ్మ ఎవరినీ కదిలించలేదు.

తర్వాత చార్టులు, స్కెచ్ పెన్నులు. "మీ హక్కు అంటే మీకు ఏం గుర్తొస్తుందో గీయండి" అన్నాం. "మాకు బొమ్మలు రావు మేడం" అంటూనే గీశారు. రెండు కొండలు, మధ్యలో సూర్యుడు, గుడిసె, కొబ్బరిచెట్టు. ఆ చుట్టుపక్కల నాకు కొబ్బరిచెట్టు కనబడిందే లేదు. చింత, వేప, కానుగ తప్ప. బళ్లో చిన్నప్పుడు గీయించిన బొమ్మ నలభై ఏళ్లు చేతిలో అలాగే ఉండిపోయింది. బొమ్మ గీయమంటే పరీక్ష రాయమన్నట్టు వింటున్నారని అర్థమైంది.

వాళ్లకు చేతిలో ఉన్నది ముగ్గు కదా అని సంక్రాంతి నెలలో పెద్ద ముగ్గు వేయిద్దామనుకున్నాం. చుక్క తప్పకుండా వేశారు. కానీ ముగ్గు అనగానే పోటీ అయిపోయింది. మహిళా దినోత్సవానికి అధికారులు ఏటా ముగ్గుల పోటీ పెట్టి స్టీలు గిన్నెలు పంచే ఊర్లలో అది తప్పదు. మొదటి బహుమతి ఎవరికన్న గొడవలో ఆస్తి హక్కు ఎక్కడో కొట్టుకుపోయింది.

దారి దొరికిన చోటు

ముగ్గుల తర్వాత ఒక మధ్యాహ్నం సమాఖ్య భవనం అరుగు మీద కూర్చున్నాం. ఒక పెద్దామె, ఎక్కడో బావి పూడిపోయిన సంగతి చెబుతూ, పక్కామెకు అర్థం కావడానికి నేల మీద పుల్లతో గీసి చూపించింది. పుల్ల గీత గెనిమ, అంటే చేని గట్టు. రెండు చింతపిక్కలు రెండు చెట్లు. బావి దగ్గర గాజుముక్క. వెంటనే ఇంకొకామె, అదే ఊరి ఆడబిడ్డ, "వంక అట్ల పోదక్కా, కింద మడి కాడ తిరుక్కుంటాది" అని గీత చెరిపి మళ్లీ గీసింది. ఇద్దరూ పోట్లాడుకున్నారు. ఇంకో నలుగురు లేచి వచ్చారు. ఎవరి చేను వాళ్లు గీయడం మొదలుపెట్టారు. ఏ మూల శనక్కాయ బాగా ఊరుతుంది, ఎక్కడ అలసందలు అంతరపంటగా వేసేవాళ్లు, ఎక్కడ బండ తగిలి నాగలి విరిగింది, బోరు ఎన్నోసారి వేస్తే నీళ్లు పడ్డాయి, అన్నీ చెబుతున్నారు. బొమ్మలు రావన్న చేతులు అవే.

హక్కు అన్న మాట ఎత్తకుండా వదిలేయాలని అక్కడే నిర్ణయించాం. హక్కు గురించి అడిగితే కరపత్రంలోని జవాబు వస్తుంది. "మీ నాయన చేను ఎట్లుంటుందో చూపించండి" అంటే పదిహేనేళ్లు కలుపు తీసిన మనిషి మాట్లాడుతుంది. చేను మీద ఆమెకున్న పట్టు కాగితం వల్ల వచ్చింది కాదు, ఆ పట్టు ఆమె ఒంట్లో ఉంది. దాన్ని ఆమే కళ్లారా చూసుకోవాలి.

నేల మీద పటాలు గీయించడం స్వచ్ఛంద సంస్థలకు పాత విద్యే. గీయిస్తారు, ఫొటో తీస్తారు, నివేదికలో పెట్టుకుంటారు. సాయంత్రానికి గీసినవాళ్ల చేతిలో ఏమీ మిగలదు. అందుకని గుడ్డ మీద చేద్దామన్నాను. ఏ కుట్టు అన్నది రెండో ప్రశ్న. సంస్థవాళ్లకు కలంకారీ చేయించాలని ఉంది, శ్రీకాళహస్తి నుంచి గురువును తెప్పిస్తామన్నారు. కరక్కాయ నీళ్లు, పాలు, కాసిమి అనే నల్లరంగు, వెదురు కలం పట్టడం, ఇవి నేర్చుకునేసరికి ఆడవాళ్లంతా శిష్యులు, గురువు మాటే చెల్లుబాటు. లంబాడీ అద్దాల కుట్టు తండా ఆడవాళ్లది. అది పెడితే మిగతావాళ్లు వెనకబడతారు. బొంత ఒక్కటే అందరికీ వచ్చు. పాత చీరలు నాలుగు పొరలు పరిచి అంచు నుంచి లోపలికి వరుసగా నేరు కుట్టు వేసుకుంటూ పోవడం. అందులో గొప్ప, తక్కువ అని లేవు.

చిలీలో పినోచే సైనిక పాలన కాలంలో, కనబడకుండా పోయిన తమవాళ్ల కోసం ఆడవాళ్లు గోనెగుడ్డ మీద పాతబట్టల ముక్కలతో కుట్టిన అర్పియేరాల బొమ్మలు వాళ్లకు చూపించాను. చర్చి అండతో నడిచిన కుట్టు బృందాలవి. కొన్నిటి వెనక చిన్న జేబు కుట్టి అందులో చీటీ పెట్టేవాళ్లు. బొమ్మలకన్నా ఆ జేబు మీదే మా వాళ్ల దృష్టి పోయింది. తర్వాత అది పనికొచ్చింది.

కుట్టడం

తలా ఒక మూర చదరం. చీర ఎవరిది వాళ్లే తేవాలి. ఇక్కడ నేను ఊహించనిది జరిగింది. చాలామంది పుట్టింటి చీరలే తెచ్చారు, అన్నదమ్ములు పండక్కి పెట్టినవి. పాతవీ, గట్టివీ అవే ఇంట్లో మిగిలాయట. ఒకామె నీలం రంగు పాలిస్టర్ చీర మడత విప్పి పరిచి, దాని మీద చేను గీయడానికి సుద్దముక్క పట్టుకుని ఆగిపోయింది. "ఈ చీర పెట్టిన రోజే ఏలుముద్ర ఏసింది" అంది. పక్కనున్నామె నవ్వి, "అయితే ఇది ఎకరా ముప్పై సెంట్ల చీర" అంది. అందరూ నవ్వారు. ఆ రోజు నుంచి చీరను సెంట్లలో చెప్పడం వాళ్లలో అలవాటైపోయింది. ఎవరైనా కొత్త చీర కట్టుకొస్తే "ఎన్ని సెంట్లు?" అని అడిగేవాళ్లు. ఏ సదస్సూ ఇంత సూటిగా విషయం చెప్పలేదు.

చీర అంచును కత్తిరించి గెనిమగా కుట్టారు. బావికి రవికగుడ్డ గుండ్రంగా. చింతచెట్టుకు లంగా లోపలి పచ్చగుడ్డ. వంకకు రెండు వరుసల తెల్లదారం, వానాకాలంలోనే నీళ్లుంటాయి కాబట్టి అక్కడక్కడ తెంపి.

న్యాయవాది ఒకామె మాతో కూర్చునేది. ఉపన్యాసం వద్దని ముందే అనుకున్నాం. కుడుతున్నవాళ్ల పక్కన చేరి ఆమె ఒకే ప్రశ్న అడిగేది: "ఈ చేను మీ నాయనకు ఎట్లా వచ్చింది?" చట్టంలో దీనికి చాలా బరువుంది. పిత్రార్జితమైతే కూతురికి పుట్టుకతో వాటా. నాయన స్వార్జితమైతే ఆయన వీలునామాతో ఎవరికైనా రాసేయొచ్చు. రాయకుండా పోతే అప్పుడు కొడుకులతో పాటు కూతుళ్లూ, భార్యా సమాన వారసులు. 2004 డిసెంబరు 20కి ముందే రిజిస్టరు పంపకాలు అయిపోయిన ఆస్తిని 2005 సవరణ తిరగదోడదు. ఇవన్నీ బోర్డు మీద రాస్తే ఎవరికీ ఎక్కవు. పటం ముందుంటే "పైచేను అబ్బ కాడినుంచి వచ్చింది, ఈ కింద మడి నాయన ఎద్దులమ్మి కొన్న్యాడు" అని వేలు పెట్టి చూపిస్తారు. దారం రంగులతో గుర్తు పెట్టుకోవాలన్న ఆలోచన వాళ్లదే. అబ్బ (తాత) నుంచి వచ్చినదానికి ఎర్రదారం, నాయన కొన్నదానికి నల్లదారం, సంతకం పెట్టి వదులుకున్నదానికి పసుపు. కుట్టు పూర్తయ్యేసరికి న్యాయవాదికి కావలసిన వివరాల్లో సగం గుడ్డ మీదే ఉన్నాయి. దూదేకుల కుటుంబాల ఆడవాళ్లతో ఆమె విడిగా మాట్లాడింది. వాళ్ల వారసత్వం షరియత్ ప్రకారం, అన్నదమ్ముడి వాటాలో సగం.

ఒకే చేను, రెండు పటాలు

మాల, మాదిగ వాడల నుంచి వచ్చిన సభ్యుల్లో కొందరి తండ్రులకు భూమే లేదు. ఒకరిద్దరికి డీకేటీ పట్టా, అంటే ప్రభుత్వం పేదలకు ఇచ్చిన భూమి పట్టా, ఉంది. భూమిలేని ఆమె చదరం ఖాళీగా పెట్టుకుని కూర్చుంటే, సంస్థ కార్యకర్త "మీ ఇల్లు కుట్టండి" అని సలహా ఇచ్చింది. ఆమె వినలేదు. కూలికి పోయిన చేను కుట్టింది.

అది అదే సంఘంలోని ఇంకో సభ్యురాలి నాయన చేను. రెండు చదరాలూ పక్కపక్కన పెడితే పోల్చుకోవచ్చు. కూలికి పోయిన ఆమె పటమే నిజానికి దగ్గరగా ఉంది. నీడ ఎక్కడుంటుందో, కూలోళ్ల నీళ్లకుండ ఎక్కడ పెట్టేవాళ్లో, గట్టు మీద ముళ్లకంప ఎక్కడుందో దాంట్లో ఉంది. మొదటామెకు కోపం వచ్చింది. "మా చేను నువ్వెట్ల కుడతావు?" "కలుపు దీసింది నేను. నువ్వు సద్ది తెచ్చి గట్టున పెట్టి పోయినావు." గదిలో ఎవరూ మాట్లాడలేదు.

సర్దిచెప్పడం తేలికే. ఆడవాళ్లందరి బాధ ఒకటే అని ఒక పాట పాడించి ముగించొచ్చు. అలా చేయకూడదనుకున్నాను. వారసత్వ చట్టం మొదటామెకు వాటా ఇస్తుంది. రెండో ఆమె చెమటకు ఆ చట్టంలో గీత కూడా లేదు. స్త్రీల హక్కు అని మనం అనే మాట కింద ఈ తేడా ఉందని బొంత చూపిస్తుంటే దాన్ని కప్పడం అబద్ధం. రెండు చదరాలూ ఉంచాలా, ఏది ఉంచాలి అన్నది సంఘానికే వదిలాం. మూడు సమావేశాలు సాగింది. చివరకు రెండూ ఉన్నాయి, కానీ పక్కపక్కన కాదు, అటొకటి ఇటొకటి. ఇద్దరి మధ్యా సఖ్యత కుదిరిందని చెప్పను. ఒకే చాప మీద కూర్చోవడం మొదలైంది, అంతవరకే.

బయట పెట్టినప్పుడు ఏమైంది

మార్చి 8న మండల స్థాయి సభలో బొంతను తాడు మీద ఆరేశారు. పేర్లు ఎక్కడా లేవు. పేర్లు లేకపోతే చాలని అందరి నమ్మకం.

చీరకు పేరుంటుంది. సభకు వచ్చినవాళ్లలో ఒకామె, కుట్టిన సభ్యురాలి వదినే, తాము పెట్టిన చీర గుర్తుపట్టింది. దాని మీద తమ బావి, తమ చెట్టు, పసుపుదారం. సాయంత్రానికల్లా అన్న నుంచి ఫోన్. "ఊరందరి ముందర నన్ను దొంగను జేస్తివే." ఆమె మర్నాడే వచ్చి తన చదరం తీసేయమంది. సంస్థలో ఒకరు నచ్చజెప్పబోయారు, బొంత పాడవుతుందని. నేను అడ్డుపడ్డాను. ఇచ్చినవాళ్లు ఎప్పుడైనా వెనక్కి తీసుకోవచ్చన్న మాట నిలబడాల్సింది ఇలాంటి రోజునే. అందరం కూర్చుని కుట్టు విప్పి ఆమె చేతికిచ్చాం.

అదే సమయంలో ఇంకో ఒత్తిడి. హైదరాబాదులో ప్రదర్శన పెడతామని, కళాకారిణిగా నా పేరు వేస్తామని ఒకచోటు నుంచి కబురు. ఇది పాత తగాదాయే. స్త్రీవాద కళలో పేరుమోసిన జూడీ షికాగో 'డిన్నర్ పార్టీ' అనే కళాకృతి కోసం 1974 నుంచి 1979 దాకా వందలమంది కుట్టారు, కుండలు చేశారు. చరిత్రలో నిలిచిన పేరు ఒకటే. సాయం చేసినవాళ్ల పేర్లు ఆమె దాచలేదు, ప్రదర్శనలోనే పెట్టింది. అయినా ఆ పని మీద ఆ ప్రశ్న ఇప్పటికీ ఉంది. సంఘాన్ని అడిగితే వాళ్లు పేరు సంగతి పట్టించుకోలేదు. "అక్కడికి పోతే మాకేమొస్తుంది?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు. బొంత పోలేదు.

పనిచేసిన మార్పు

రెండో బొంత వాళ్లే మొదలుపెట్టారు. ఈసారి పటాలు లోపలి పొర మీద. పైపొర సంతలో కొన్న ఒకే రంగు గుడ్డ, దాని మీద చుక్కల ముగ్గు కుట్టు. చూసేవాళ్లకు అది మామూలు బొంత. అర్పియేరాల జేబు ఇక్కడ పనికొచ్చింది. ఒక పక్క కుట్టకుండా నాడాలు పెట్టి ముడేశారు. ఆడవాళ్లు మాత్రమే ఉన్న సమావేశంలో ముడి విప్పి లోపలి పొర తీస్తారు.

ఇంకో జాగ్రత్త కూడా వాళ్లే చెప్పారు. ఎవరి కుట్టు ఎవరిదో ఊళ్లో ఆడవాళ్లకు తెలిసిపోతుంది, చేతిరాత తెలిసినట్టే. అందుకని ఒకరి చేను ఇంకొకరు కుట్టారు. ఇది దాచుకోవడానికి పెట్టిన నియమం, ఫలితం మాత్రం వేరేగా కూడా వచ్చింది. పక్కామె చేను కుట్టాలంటే ఆమెను కూర్చోబెట్టి అడగాలి. గెనిమ ఎంత దూరం, బావికి మెట్లున్నాయా, ఎప్పుడు వదులుకున్నావు, ఎందుకు. తన కథ చెప్పడానికి నోరు రానివాళ్లు ఇంకొకరి కథ అడగడానికి వెనకాడలేదు. సామూహిక కళ అని మనం పిలిచే చాలావాటిలో ఎవరి ముక్క వాళ్లు చేసి చివర్లో అతికిస్తారు. మొదటి బొంతా అలాంటిదే. రెండోదాంట్లో ఒక్క చదరమూ ఒక్కరిది కాదు.

ఈ బొంత పక్క ఊర్ల సంఘాలకు తిరిగింది. ఇద్దరు సభ్యులు వెంట వెళ్తారు. ఫొటోలు తీయనివ్వరు. ఈ రాతతో ఫొటో లేకపోవడానికి కారణం అదే.

ఏం మారింది

భూములు గలగలా తిరిగి వచ్చేయలేదు. ఒకామెకు అన్నదమ్ములు పొలం బదులు కొంత డబ్బు ఇచ్చారు. ఒకామె జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ద్వారా పంపకాల దావా వేసింది, అది నడుస్తోంది. 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం కింద ఆడవాళ్లకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయసాయం ఉంది. ఆ సంగతి ఆమెకు తెలిసింది కుట్టు దగ్గరే. ఇంకొకామె అంతా తెలిసీ హక్కు వదిలేసింది, కానీ తల్లి బతికినంతకాలం ఇంట్లో గది, తిండిగింజలు ఇవ్వాలని కాగితం మీద రాయించుకున్నాకే సంతకం పెట్టింది. సంస్థ నివేదికలో దీన్ని వైఫల్యాల కింద వేయబోతే నేను ఒప్పుకోలేదు. లెక్క వేసుకునే మనిషికి ఈసారి బేరమాడే చోటు దొరికింది. మొదటి బొంతలోంచి చదరం తీసుకున్న ఆమెతో అన్న చాలా నెలలు మాట్లాడలేదు. ఆ నష్టం కూడా ఈ పని ఖాతాలోదే.

అన్నిటికన్నా నిలబడింది ఒక కట్టుబాటు. సంఘంలో ఎవరినైనా సంతకానికి పిలిస్తే ఒంటరిగా పోదు. ఇద్దరు తోడుపోతారు, పత్రం చదివించుకుంటారు, ఆ రోజే సంతకం పెట్టమంటే ఒప్పుకోరు. "సంఘంలో అడిగి చెబుతా" అనే మాట అన్నకు ఎదురు చెప్పినట్టు వినబడదు. అందుకే అది నడుస్తోంది.

ఇలాంటి పని చేసేవాళ్లకు

గుడ్డ, చెట్టు, బావి, కుట్టు, ఇవన్నీ మనిషిని పట్టిస్తాయి. గోప్యత అంటే పేరు కొట్టేయడం అనుకోవద్దు. ఎవరు గుర్తుపట్టగలరో ఆ ఊరివాళ్లనే అడగాలి, అదీ కుట్టు మొదలుకాక ముందే. బహిరంగ ప్రదర్శనను పని చివరి మెట్టుగా ముందే రాసుకుంటే నిధులిచ్చేవాళ్లు దాన్నే పట్టుకుంటారు. నేను ఇప్పుడు ఒప్పందంలో ప్రదర్శన అనే మాట రాయనివ్వడం లేదు. న్యాయవాది మొదటి రోజు నుంచి ఉండాలి, వినడానికి. కళ వల్ల కదిలిన మనిషి మర్నాడు ఆఫీసు మెట్లెక్కితే తోడు లేకపోవడం దారుణం. అన్నదమ్ములతో మాట్లాడే ప్రయత్నం మేం చేయలేదు. సంఘం వద్దంది. పెళ్లికాని మగపిల్లలతో మొదలుపెట్టొచ్చా అని ఇప్పుడు వాళ్లలోనే చర్చ నడుస్తోంది.

మూడో బొంత అత్తింటి భూమి మీద. మొగుడి పేరున్న పాస్‌బుక్కులో పెళ్లాం పేరు ఎందుకు లేదన్నది విషయం. కుట్టడానికి అత్తలను పిలవాలా వద్దా అన్నదగ్గర ఆగింది. అత్తలు లేకుండా పాత గెనిమలు ఎవరికీ తెలియవు. అత్తలుంటే కోడళ్లు నోరు విప్పరు. వేరుశనగ కోతలయ్యాక తేలుస్తామన్నారు.